హైదరాబాద్‌లో కాలేజీ చదువుకు డబ్బు సమకూర్చుకోవడం: మార్చిలో కాగితాల నుంచి ఏటేటా రెన్యువల్ దాకా

"సీటొచ్చిందక్కా, ఇప్పుడు స్కాలర్‌షిప్‌కి ఏం చెయ్యాలి?" కౌన్సెలింగ్ నెలల్లో నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. ఇదే ప్రశ్న మూడు నెలల ముందు అడిగి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను ప్రతిసారీ. అర్హత లేక ఆగిన దరఖాస్తుల కంటే, పేరులో ఒక అక్షరం తేడా వచ్చి ఆగినవే నేను ఎక్కువ చూశాను.

అందుకే ఇక్కడ పథకాల చిట్టా విప్పడం లేదు. ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నదే చెబుతున్నాను. ఇంట్లో ఇంటర్ రెండో ఏడాది పిల్లలుంటే మొదటి నుంచీ చదవండి. సీటు వచ్చేసినవాళ్లు మూడో అడుగు నుంచి పట్టుకోండి.

## 1. ముందు లోటు ఎంతో లెక్కేయండి

"ఎంత స్కాలర్‌షిప్ వస్తుంది?" అని అడిగే ముందు "మనకు ఎంత తక్కువ పడుతోంది?" అని కాగితం మీద వేసుకోవాలి. ఒక ఉదాహరణ చూద్దాం.

నగరంలో ఉండే బీసీ కుటుంబం, ఏడాది ఆదాయం 2 లక్షల లోపు. అమ్మాయికి ఎప్‌సెట్‌లో 10,000 దాటిన ర్యాంకు, కన్వీనర్ కోటాలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సీటు. ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్ష అనుకుందాం.

- ఫీజు రీయింబర్స్‌మెంట్: 35,000
- ఫీజులో మిగిలిన లోటు: 65,000
- బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, కాలేజీవాళ్లు రాయించే చిల్లర ఖర్చులు: సుమారు 40,000
- ఏడాదికి మొత్తం లోటు: 1,05,000

తెలంగాణలో ఇంజనీరింగ్‌కి బీసీ, ఈబీసీ (రిజర్వేషన్ లేని వర్గాల్లోని పేద) విద్యార్థులకు 10,000 లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు వస్తుంది. ఆ పైన ర్యాంకు ఉంటే 35,000 వరకే. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు. ప్రభుత్వ, గురుకుల విద్యాసంస్థల్లో చదివిన పిల్లలకు ర్యాంకుతో పని లేకుండా పూర్తి ఫీజు ఇచ్చే వెసులుబాటు కూడా ఉంది. దానికి ఆ స్టడీ సర్టిఫికెట్లు వెరిఫికేషన్ రోజునే చూపించాలి.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు, "రీయింబర్స్‌మెంట్ ఉంది కదా" అని మిగతా 65 వేల సంగతి ఆగస్టులో, కాలేజీ అకౌంట్స్ కౌంటర్ ముందు నిలబడ్డాక గుర్తు చేసుకోవడం.

## 2. సీటు ఎంచుకునేటప్పుడే సగం డబ్బు ఆదా

తక్కువ ఫీజు ఉన్న మంచి కాలేజీని మించిన స్కాలర్‌షిప్ లేదని నా అభిప్రాయం. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ప్రతి కాలేజీ పేరు పక్కన ఫీజు రాసుకోండి. మీకు వచ్చే రీయింబర్స్‌మెంట్ తీసేసి మిగిలేది ఎంతో దాని పక్కన రాయండి. అప్పుడు ఆప్షన్ల వరస దానంతటదే మారిపోతుంది.

డిగ్రీకి వెళ్లేవాళ్లు దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల్లో) నిజాం కాలేజీ, సిటీ కాలేజీ, కోఠి మహిళా విశ్వవిద్యాలయం వంటివాటిని పైన పెట్టాక ప్రైవేటు కాలేజీల జోలికి వెళ్లండి. పీజీకైతే ఉస్మానియా, గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ ఫీజులు ప్రైవేటుతో పోల్చదగ్గవే కావు.

ఐఐటీ, ఎన్‌ఐటీ అంటే ఫీజు చూసి భయపడేవాళ్లున్నారు. బీటెక్‌లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉన్న మిగతావాళ్లకూ ఉండదు. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు తగ్గిస్తారు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కీ, వరంగల్ ఎన్‌ఐటీకీ ఇదే వర్తిస్తుంది.

ఇక్కడ రెండు గోతులున్నాయి:

- మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. స్పాట్ అడ్మిషన్‌తోనూ అంతే. "చేరండి, ఈపాస్ (రాష్ట్ర స్కాలర్‌షిప్‌ల పోర్టల్) మేం చూసుకుంటాం" అని కాలేజీ పీఆర్వో చెబితే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వరు.
- ఒకసారి ఒక డిగ్రీకి రీయింబర్స్‌మెంట్ తీసుకుని, మళ్లీ అదే స్థాయి కోర్సులో చేరితే రెండోసారి ఇవ్వరు.

రవాణా సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. అమ్మాయిలకు 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అబ్బాయిలకు స్టూడెంట్ పాస్ ఉంది. ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం వైపు కాలేజీలకు ఆర్టీసీ బస్సు దొరికితే కాలేజీ బస్సుకు కట్టే వేలు మిగిలినట్టే.

## 3. కాగితాలు: అసలు పని ఇదే

నేను ఎక్కువ సేపు ఆగాలనుకునేది ఈ అడుగు దగ్గర. మార్చి, ఏప్రిల్ నెలల్లో, పరీక్షల హడావిడి తగ్గగానే మొదలుపెట్టండి.

పేరు

టెన్త్ మెమోలో ఉన్న పేరే అన్నిటికీ మూలం. ఈపాస్ కూడా మీ వివరాలను ఎస్సెస్సీ హాల్‌టికెట్ నంబరుతోనే లాక్కుంటుంది. ఆధార్‌లో పేరు దాంతో కలవాలి.

మా పెద్దమ్మాయి విషయంలో బోల్తా పడింది ఇక్కడే. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో మొత్తం ఇంటిపేరు. "ఇంతేగా" అనుకున్నాం. ఆ "ఇంతేగా"కి మొదటి ఏడాది స్కాలర్‌షిప్ ఏడు నెలలు ఆగింది. మా ఆయన మూడు సెలవులు పెట్టుకున్నారు.

మెమోలో పేరు మార్పించడం స్కూలు నుంచి బోర్డు దాకా తిరిగే పని. ఆధార్ మార్చడం సులువు. అందుకే మెమోలోనే తప్పు ఉంటే తప్ప, మెమోకు తగ్గట్టు ఆధార్‌నే మార్పించండి. ఆధార్‌లో పేరును జన్మలో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారే మార్చనిస్తారు. కాబట్టి సెంటర్‌లో ఆపరేటర్ టైపు చేశాక స్క్రీన్ మీద ఒక్కో అక్షరం చదివాకే సరే అనండి.

ఆదాయ ధ్రువపత్రం

ఈపాస్‌కి ఆదాయ పరిమితి ఇలా ఉంటుంది:

- ఎస్సీ, ఎస్టీ: 2 లక్షలు
- బీసీ, ఈబీసీ, మైనారిటీ, దివ్యాంగులు: పట్టణాల్లో 2 లక్షలు, గ్రామాల్లో 1.5 లక్షలు

మీసేవలో దరఖాస్తు చేస్తే అది తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తుంది. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ ఉంటుంది. కౌన్సెలింగ్ మొదలయ్యాక అందరూ ఒక్కసారే ఎగబడతారు, మీ ఫైలు గుట్ట అడుగున పడుతుంది.

అలాగని జనవరికి ముందు తీసుకున్నదీ పనికిరాదు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఆ ఏడాది జనవరి 1 తర్వాత జారీ అయిన ఆదాయ ధ్రువపత్రమే అడుగుతారు. సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు అది చూపించకపోతే అలాట్‌మెంట్ ఆర్డర్‌లో పూర్తి ఫీజు పడుతుంది. తర్వాత తెచ్చి చూపించి తగ్గించుకోవడానికి కాళ్లరిగేలా తిరగాలి.

నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటున్నవాళ్లు సొంతూరి మండలం నుంచే తీసుకోండి. ఆధార్ చిరునామా, రేషన్ కార్డు ఎక్కడుంటే అక్కడే పని జరుగుతుంది.

ఇంకో గందరగోళం ఈడబ్ల్యూఎస్, ఈబీసీల మధ్య. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ 8 లక్షల లోపు ఆదాయానికి ఇచ్చేది, అది సీటు రిజర్వేషన్ కోసం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఈబీసీ కింద వేరే ఆదాయ పరిమితి ఉంది, పైన చెప్పినదే. ఒకటి చేతిలో ఉందని రెండోది వచ్చేయదు.

బ్యాంకు ఖాతా

ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలి. అమ్మానాన్నలది చెల్లదు. దానికి ఆధార్ లింకు అయితే చాలదు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో చూపే నమోదు) కూడా కావాలి. బ్యాంకుకు వెళ్లి "ఆధార్ సీడింగ్, డీబీటీ కోసం" అని ఈ మాటలతోనే అడగండి.

కొత్తగా ఎక్కడైనా ఖాతా తెరిచి ఆధార్ ఇస్తే మ్యాపింగ్ అటు మారిపోవచ్చు. సిమ్ కార్డుతోపాటు తెలియకుండానే పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిపించుకున్న పిల్లలున్నారు. డబ్బు అందులో పడి, పాస్‌బుక్‌లో కనిపించక, "స్కాలర్‌షిప్ రాలేదు" అని ఏడాదంతా ఆఫీసుల చుట్టూ తిరిగిన కేసు నాకు తెలుసు. ఏ ఖాతాకు మ్యాప్ అయిందో ఆధార్ వెబ్‌సైట్‌లో ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు.

ఒక ఫైలులో సిద్ధంగా ఉండాల్సినవి

☐ టెన్త్, ఇంటర్ మెమోలు
☐ ఆధార్ (పేరు, పుట్టిన తేదీ మెమోతో కలిసినది, ఫోన్ నంబరు లింకైనది)
☐ మీసేవ నంబరున్న కుల ధ్రువపత్రం (పాత చేతిరాత కాగితమే ఉంటే కొత్తది తీసుకోండి)
☐ జనవరి 1 తర్వాతి ఆదాయ ధ్రువపత్రం
☐ రేషన్ కార్డు
☐ స్టడీ, బోనఫైడ్ సర్టిఫికెట్లు
☐ టీసీ
☐ బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ
☐ అలాట్‌మెంట్ ఆర్డర్, ఫీజు రసీదులు
☐ పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఒక డజను

ప్రతిదీ రెండేసి జిరాక్సులు తీయండి. ఫోనులో స్కాన్ చేసి, పేరు రాసి పెట్టుకోండి.

## 4. ఈపాస్ దరఖాస్తు, వరస తప్పకుండా

తెలంగాణ ఈపాస్‌లో రెండు డబ్బులు కలిసి ఉంటాయి. ఆర్టీఎఫ్ అంటే కాలేజీ ఫీజు. ఎంటీఎఫ్ అంటే విద్యార్థి ఖర్చులకు ఇచ్చే మెయింటెనెన్స్, ఇది పిల్లల ఖాతాలో పడుతుంది. దరఖాస్తు మాత్రం ఒక్కటే.

1. అడ్మిషన్ పూర్తయ్యాక పోర్టల్‌లో పోస్ట్‌మెట్రిక్ కింద "ఫ్రెష్" రిజిస్ట్రేషన్ తెరవండి. ఇంటర్‌లో స్కాలర్‌షిప్ తీసుకున్నా, ఇప్పుడు కోర్సు మారింది కాబట్టి ఫ్రెష్షే.
2. ఎస్సెస్సీ హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ ఇవ్వండి. వచ్చిన పేరును ఆధార్‌తో సరిచూడండి. ఇక్కడ తేడా కనిపిస్తే దరఖాస్తు ఆపి ముందు ఆధార్ సంగతి చూడండి.
3. కాలేజీ, కోర్సు, బ్రాంచి, ఏడాది జాగ్రత్తగా ఎంచుకోండి. ఒకే పేరుతో రెండు మూడు క్యాంపస్‌లున్న కాలేజీలు నగరం చుట్టూ బోలెడు. కాలేజీ కోడ్ అడిగి రాసుకోండి.
4. హాస్టలరా, డే స్కాలరా అన్నది నిజం చెప్పండి. ప్రైవేటు హాస్టల్లో ఉంటే డే స్కాలర్ కిందే లెక్క. ఎక్కువొస్తుందని మార్చి రాస్తే వెరిఫికేషన్‌లో మొత్తం ఆగుతుంది.
5. సబ్మిట్ చేశాక వచ్చే అప్లికేషన్ నంబరును స్క్రీన్‌షాట్ తీయండి.
6. మీసేవకు వెళ్లి బయోమెట్రిక్ వేయండి. చాలామంది ఈ అడుగు మరిచిపోతారు. సబ్మిట్ అయింది కదా అని కూర్చుంటే దరఖాస్తు అక్కడే నిద్రపోతుంది.
7. ప్రింటు తీసి, జిరాక్సులు జతచేసి కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇవ్వండి. ఇచ్చినట్టు మీ కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి.
8. కాలేజీ ఫార్వర్డ్ చేసిందో లేదో పది రోజుల తర్వాత స్టేటస్‌లో చూడండి.

గడువు తేదీ దాదాపు ప్రతి ఏడూ పొడిగిస్తారు. ఆ నమ్మకంతో ఆగితే చివరి వారంలో సర్వర్ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

హాజరు 75 శాతం ఉండాలి. సగం మంది దీన్ని లెక్కచేయరు. పార్ట్‌టైమ్ పనికి వెళ్లే పిల్లలు ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి, నెలకు నాలుగు వేల సంపాదన కోసం ముప్పై ఐదు వేలు పోగొట్టుకోవద్దు.

## 5. ఎక్కడ ఆగిందో తెలుసుకోవడం, కదిలించడం

ముందు స్టేటస్ చదవడం నేర్చుకోండి.

- కాలేజీ దగ్గర పెండింగ్: హార్డ్‌కాపీ అందలేదు, లేదా క్లర్కు చూడలేదు. స్కాలర్‌షిప్ సెక్షన్‌కే వెళ్లండి. ప్రిన్సిపల్ దాకా అక్కర్లేదు.
- సంక్షేమ అధికారి దగ్గర పెండింగ్: కాలేజీ ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా ఆఫీసు. మీ ఇల్లు అంబర్‌పేటలో ఉన్నా కాలేజీ ఇబ్రహీంపట్నంలో ఉంటే రంగారెడ్డి జిల్లాకే వెళ్లాలి. నగరంలో చాలామంది మొదటి రోజు తప్పు కలెక్టరేట్‌కు వెళ్లొస్తారు.
- మంజూరైంది, బిల్లు ట్రెజరీలో ఉంది: ఇక మీ చేతిలో పనేమీ లేదు, నిధుల విడుదల కోసం ఎదురుచూపే.

ఎస్సీ, బీసీ, ఎస్టీ, మైనారిటీ విభాగాలకు అధికారులు వేరు. మీ కేటగిరీ అధికారినే అడగండి. జిల్లా స్థాయిలో కదలకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. అప్లికేషన్ నంబరు, స్టేటస్ ప్రింటు, మీరు ఇచ్చిన కాపీ జతచేసి, ఒక్క పేజీలో రాయండి. పెద్ద కథ రాస్తే ఎవరూ చదవరు.

ఇక బకాయిల సంగతి. ప్రభుత్వం నుంచి ఆర్టీఎఫ్ ఏళ్లతరబడి ఆలస్యమవుతోంది. 2025 నవంబరులో ఇదే కారణంతో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. ఆ సెగ చివరికి పిల్లలకే తగులుతుంది: "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం."

అలా అడిగితే చేయాల్సినవి:

☐ కట్టక తప్పకపోతే "ఆర్టీఎఫ్‌కు బదులుగా, విడుదలయ్యాక తిరిగి చెల్లించాలి" అని రసీదు మీదే రాయించండి
☐ నగదు వద్దు, ఖాతా నుంచే చెల్లించండి
☐ వాయిదాలు అడగండి, అడిగితే చాలా కాలేజీలు ఒప్పుకుంటాయి
☐ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర వదలొద్దు. వెరిఫై చేసి తిరిగివ్వాలని, అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది

## 6. కేంద్ర స్కాలర్‌షిప్‌లు: ఏది దేంతో కలవదో ముందే చూడండి

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మొదట ఓటీఆర్, అంటే వన్‌టైమ్ రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకోవాలి. ఫోనులో యాప్ వేసుకుని ముఖం చూపించి ఆధార్ ధ్రువీకరణ చేస్తారు. ఈ నంబరు తర్వాత కూడా పనికొస్తుంది, ఎక్కడైనా రాసిపెట్టండి.

సెంట్రల్ సెక్టార్ స్కీమ్. ఇంటర్‌లో మంచి మార్కులు, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవాళ్లకు. డిగ్రీ మూడేళ్లూ ఏటా 12,000, బీటెక్ నాలుగో ఏడాదికి 20,000. అర్హత 80వ పర్సంటైల్ పైన. ఇది 80 శాతం మార్కులు కాదు, మీ బోర్డులో మీ గ్రూపు వాళ్లలో పై 20 శాతంలో ఉండటం. ఇది తెలియక వేయనివాళ్లూ ఉన్నారు, అనవసరంగా వేసినవాళ్లూ ఉన్నారు.

ఒక మెలిక ఉంది. రాష్ట్రం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటుంటే దీనికి అర్హత లేదు. 35,000 వచ్చేవాళ్లు 12,000 కోసం చూడటం దండగ. ఆదాయం 2 లక్షలు దాటి ఈపాస్ అందని కుటుంబాలకు, అంటే ఆటో ఈఎంఐ కట్టుకుంటూ ప్రైవేటు ఉద్యోగం చేసే ఇళ్లకు, ఇది అచ్చంగా సరిపోతుంది.

ప్రగతి. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) గుర్తింపున్న కాలేజీలో డిప్లొమా, డిగ్రీ మొదటి ఏడాది అమ్మాయిలకు, లాటరల్‌గా చేరితే రెండో ఏడాదిలో. ఆదాయం 8 లక్షల లోపు, ఏడాదికి 50,000, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల దాకా. 40 శాతం పైన వైకల్యం ఉన్న విద్యార్థులకు ఇలాంటిదే సక్షమ్. తల్లిదండ్రుల్లేని పిల్లలకు స్వనాథ్. వీటికి వేసేముందు వేరే స్కాలర్‌షిప్‌తో కలుస్తుందా అన్న నిబంధన ఆ ఏడాది మార్గదర్శకాల్లో చదవండి. చదివాక కూడా సందేహముంటే కాలేజీ నోడల్ ఆఫీసర్‌ని అడగండి.

మీరు సబ్మిట్ చేశాక కాలేజీ వెరిఫై చేయాలి. గడువు మీకొకటి, కాలేజీకొకటి. రెండోది దాటినా దరఖాస్తు పోయినట్టే.

## 7. ట్రస్టులు, కంపెనీలు, సంఘాలు

వీటిలో డబ్బు బాగానే ఉంది, వేసేవాళ్లే తక్కువ. ఇంట్లో అందరూ "మనకెందుకొస్తుందిలే" అనేస్తారు.

- రిలయన్స్ ఫౌండేషన్: డిగ్రీ మొదటి ఏడాది, ఇంటర్‌లో 60 శాతం, ఆప్టిట్యూడ్ టెస్టు. కోర్సు మొత్తానికి 2 లక్షల వరకు.
- అజీమ్ ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్: టెన్త్, ఇంటర్ ప్రభుత్వ సంస్థల్లో చదివిన అమ్మాయిలకు, ఏడాదికి 30,000.
- కోటక్ కన్యా: ఇంటర్‌లో 75 శాతం పైన, ఆదాయం 6 లక్షల లోపు, ప్రొఫెషనల్ కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు, ఏడాదికి లక్షన్నర వరకు.
- ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్: ఇంజనీరింగ్, వైద్యం వంటి కోర్సుల్లో చేరిన పేద విద్యార్థులకు.

మన నగరానికి ప్రత్యేకమైనవి సంఘాల హాస్టళ్లు, ట్రస్టులు. కాచిగూడ మున్నూరుకాపు హాస్టల్, ఆబిడ్స్ రెడ్డి హాస్టల్, అమీర్‌పేట కమ్మ సంఘం ఎప్పటి నుంచో ఉన్నవే. ముస్లిం విద్యార్థులకు హైదరాబాద్ జకాత్ ట్రస్టు ఉంది. మీ సంఘం ఆఫీసుకు ఒకసారి మెమోలు పట్టుకుని వెళ్లిరండి. ఇలాంటి చోట్ల ఆన్‌లైన్ ఫారం కంటే, మనిషిగా వెళ్లి పెద్దాయనతో మాట్లాడితేనే పని అవుతుంది.

"మీ గురించి రాయండి" అని అడిగేచోట పిల్లలు చేసే తప్పు, ఇంటర్నెట్‌లోని పెద్ద పెద్ద మాటలు దించేయడం. నాన్న ఏం పని చేస్తారు, నెలకు ఇంట్లోకి ఎంత వస్తుంది, ఎంత తక్కువ పడుతోంది, ఈ కోర్సు ఎందుకు, ఈ నాలుగు ముక్కలు సూటిగా రాయమనండి. మొదటి అడుగులో వేసుకున్న లోటు లెక్క ఇక్కడ పనికొస్తుంది.

ప్రాసెసింగ్ ఫీజు కట్టమన్నా, ఓటీపీ చెప్పమన్నా అది మోసం. ఫోన్ పెట్టేయండి.

## 8. ఎడ్యుకేషన్ లోన్: చివర్లో, కానీ సిగ్గుపడకుండా

స్కాలర్‌షిప్‌లన్నీ పోగా మిగిలిన లోటుకే లోన్. బంధువుల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు లోన్ ఇందులో సగం కూడా ఉండదు.

తెలుసుకోవాల్సినవి:

- 4 లక్షల వరకు బ్యాంకు తాకట్టు అడగకూడదు, మార్జిన్ (మనం చేతి నుంచి పెట్టుకోవాల్సిన వాటా) కూడా ఉండదు. తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు.
- సాధారణంగా 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు.
- కోర్సు కాలం, ఆపై ఏడాది వాయిదాలు ఉండవు. ఆ కాలంలో బారు వడ్డీ (వడ్డీ మీద వడ్డీ లేకుండా) పడుతుంది. తర్వాత 15 ఏళ్ల వరకు కట్టుకోవచ్చు.

మన ఉదాహరణలో ఫీజు లోటు వరకే తీసుకుంటే, ఏటా 65,000 చొప్పున నాలుగేళ్లకు 2,60,000 లోన్. వడ్డీ 10 శాతం అనుకుంటే ఈఎంఐ మొదలయ్యేనాటికి వడ్డీ ఒక్కటే సుమారు 91,000 అవుతుంది. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, నాక్ లేదా ఎన్‌బీఏ (కాలేజీలు, కోర్సుల నాణ్యత చూసే సంస్థలు) గుర్తింపున్న చోట టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సు అయితే ఆ వడ్డీని కేంద్రం భరించే పథకం సీఎస్‌ఐఎస్ ఉంది. లోన్ తీసుకునేటప్పుడే "సీఎస్‌ఐఎస్ కింద పెట్టండి" అని అడిగి, ఆదాయ ధ్రువపత్రం ఇవ్వాలి. అడగకపోతే మేనేజరుకు గుర్తుండదు.

2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన మేటి సంస్థల్లో మెరిట్‌తో సీటొస్తే తాకట్టూ, హామీదారూ అక్కర్లేదు. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోన్‌కి మారటోరియం కాలంలో (వాయిదాలు కట్టనక్కర్లేని కాలంలో) 3 శాతం వడ్డీ రాయితీకి అవకాశం ఉంది. మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో చూసుకోండి.

బ్యాంకుకు వెళ్లే వరస:

1. నాన్న జీతం ఖాతా ఉన్న, లేదా ఇంటికి దగ్గరున్న ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖను ఎంచుకోండి.
2. కాలేజీ లెటర్‌హెడ్ మీద నాలుగేళ్ల ఫీజు వివరం తీసుకోండి.
3. దరఖాస్తు పోర్టల్‌లో పెట్టి, ఆ నంబరుతో శాఖకు వెళ్లండి. నోటిమాటగా వెళితే నోటిమాటగానే పంపేస్తారు.
4. కాదంటే కారణం రాసివ్వమనండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు చూసి, జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు.
5. మంజూరు పత్రంలో వడ్డీ రేటు, బీమా పేరుతో ఏమైనా కలిపారా అన్నది చూడండి.

చదివేటప్పుడు వడ్డీ కొంచెం కొంచెం కట్టగలిగితే కట్టండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు సెక్షన్ 80ఈ కింద ఎనిమిదేళ్లు వడ్డీ మినహాయింపు ఉంది.

## 9. పీజీ, విదేశాలు

గేట్ (ఎంటెక్ ప్రవేశానికి జాతీయ పరీక్ష) స్కోరుతో ఏఐసీటీఈ గుర్తింపున్న ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ ఉంది. గేట్ రాయకుండా ఎంటెక్‌లో చేరడం చేతికొచ్చింది వదులుకోవడమే.

విదేశీ పీజీకి రాష్ట్ర ఓవర్సీస్ పథకాలు ఉన్నాయి: ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ పేరుతో, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో. 20 లక్షల వరకు, ఆదాయం 5 లక్షల లోపు, డిగ్రీలో 60 శాతం. ఎస్సీ వాళ్లు మాసబ్‌ట్యాంక్ సంక్షేమ భవన్‌లో, మైనారిటీలు నాంపల్లి హజ్ హౌస్‌లో అడగాలి.

ఇందులో అందరూ తప్పుగా అర్థం చేసుకునేది డబ్బు ఎప్పుడొస్తుందన్నది. మొదటి 10 లక్షలు అక్కడ దిగాక, రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలయ్యాక. వీసాకు చూపించే డబ్బుకీ, మొదటి సెమిస్టర్ ఫీజుకీ మీ దారి మీరు చూసుకోవాల్సిందే. దీన్ని నమ్ముకుని లోన్ వద్దనుకోకండి.

## 10. ఏటేటా రెన్యువల్

మొదటి ఏడాది అంత కష్టపడి తెచ్చుకున్నది రెండో ఏడాది అజాగ్రత్తతో పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

☐ ఈపాస్ రెన్యువల్ ఏటా మీరే చూసుకోవాలి. కాలేజీ మిమ్మల్ని పై తరగతికి ప్రమోట్ అయినట్టు చూపిందా, అడగండి
☐ సెంట్రల్ సెక్టార్‌కి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు
☐ ఆధార్ మ్యాపింగ్ ఏ ఖాతాకుందో ప్రతి జూలైలో ఒకసారి
☐ బ్యాంకుకు ఏటా కాలేజీ డిమాండ్ లెటర్, మార్కుల మెమో
☐ ఫోన్ నంబరు మార్చొద్దు. మారిస్తే ముందు ఆధార్‌లో, తర్వాత పోర్టళ్లలో

చివరి ఏడాది టీసీకి వెళ్లేముందు నాలుగేళ్ల ఈపాస్ స్టేటస్ ప్రింట్లూ, మీరు కట్టిన రసీదులూ ఒక వరసలో పిన్ను చేసి పట్టుకెళ్లండి. ఏ ఏడాది ఆర్టీఎఫ్ వచ్చింది, ఏది రాలేదు, మీరు ముందు కట్టిన దాంట్లో ఎంత తిరిగి రావాలి అన్నది అకౌంట్స్ సెక్షన్ కంప్యూటర్ కంటే ముందు మీ చేతిలో ఉండాలి.